ఎస్తేరక్క స్టూడియోలో ఆదివారాలు

మొన్న బడంగ్‌పేట్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో ఫొటో దిగాను. నేను పనిచేసే ఎయిర్‌పోర్టులో నా పాసు గడువు దగ్గర పడింది, కొత్త ఫొటో తెమ్మన్నారు. మెషీన్‌లోంచి కాగితం వెచ్చగా బయటికి జారింది. దాంతోపాటే ఒక వాసన వచ్చింది. ఇస్త్రీ చేసిన బట్టకూ కొత్త చెప్పుల డబ్బాకూ మధ్యలో ఎక్కడో ఉండే వాసన. నా వేళ్లు వాటంతటవే ఫొటోను అంచుల దగ్గర పట్టుకున్నాయి, మధ్యలో తాకకుండా. దుకాణం ఆయన నవ్వి, "తడి ఏం లేదక్కా, ఆరే వస్తది, మంచిగ పట్టుకో" అన్నాడు. బయటికి వచ్చి స్కూటీ పక్కన కొంతసేపు అలాగే నిలబడిపోయాను. ఫొటోను అలా పట్టుకోవడం నాకు నేర్పింది ఎస్తేరక్క. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె గురించి ఎవరికైనా చెప్పాలని కూర్చున్న ప్రతిసారీ నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. ఆమె నాకు చదువు చెప్పలేదు, పని ఇప్పించలేదు, వైద్యం చేయలేదు. మరి ఏం చేసిందంటే ఇప్పటికీ సూటిగా చెప్పలేను. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతే ఏమైనా తేలుతుందేమో చూడాలి.

శంషాబాద్ బస్టాండు వెనక సందులో ఆమెకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. వాళ్ల నాయన పెట్టింది. పెళ్లిళ్లకూ, చర్చిలో బాప్తిస్మాలకూ, బడి పిల్లల గ్రూపు ఫొటోలకూ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆమే వెళ్లేది. మెడలో కెమెరా వేసుకుని లూనా మీద వచ్చే ఆడమనిషిని చూడటానికి మొదట్లో జనం బయటికి వచ్చేవారట. నేను ఆమెను చూసేనాటికి ఆ రోజులు అయిపోయాయి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తప్ప స్టూడియోలో పెద్దగా పని లేదు. గోడకు మాత్రం కొండా జలపాతమూ గీసిన పాత తెర అలాగే వేలాడుతుండేది. విమానం కిందికి దిగుతున్నప్పుడల్లా షట్టరు సన్నగా వణికేది.

అంతకుముందు నేను కాటేదాన్‌లో పరుపులు తయారు చేసే ఒక షెడ్డులో వాటి పైన తొడిగే గలీబులు కుట్టేదాన్ని. నా పక్క మిషన్ రేణుకది. వాళ్లది మహేశ్వరం దగ్గర పల్లె, రోజూ బస్సులో వచ్చేది. మేమిద్దరం ఒకే ఈడు, ఒకే నెలలో పనిలో చేరాం. ఒక మధ్యాహ్నం ఆ షెడ్డు తగలబడింది. ఎలా అంటుకుందో ఎవరూ తేల్చలేదు. నాకు గుర్తున్నది ఇంతే: బాబిన్‌లో దారం అయిపోయింది, మార్చుకుందామని కిందికి వంగాను. ఆ తర్వాత నేను రోడ్డు మీద ఒక లారీ చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాను, ఎవరో నా ఎడమ చేతి మీద నీళ్లు పోస్తున్నారు. వంగడానికీ చక్రానికీ మధ్య ఏమీ లేదు. చీకటి కాదు, పొగ కాదు. అసలు ఏమీ లేదు. రేణుక బయటికి రాలేదు.

చెయ్యి మానింది. ఆ మధ్యలోని ఖాళీ మానలేదు. పోలీసులు అడిగారు, షెడ్డు యజమాని మనుషులు అడిగారు, వాడలోని వాళ్లు అడిగారు. మీరిద్దరూ చేతులు పట్టుకుని తలుపు దాకా వచ్చారని వాచ్‌మన్ చెప్పాడు. నేను ఒక్కదాన్నే వెనక కిటికీలోంచి దూకానని ఎదురు షెడ్డులో పనిచేసే ఆమె చెప్పింది. ఎవరో ఎత్తుకుని తెచ్చారని ఇంకొకరు. విన్న ప్రతి మాటా నాకు కళ్లముందు కనబడటం మొదలైంది. పడుకుంటే మేమిద్దరం చేతులు పట్టుకుని ఉన్నట్టు ఉండేది. లేచి కూర్చుంటే కిటికీ కనబడేది. ఏది నాది, ఏది వాళ్లు చెప్పింది? రేణుక వాళ్ల అమ్మ మల్లమ్మ వచ్చి మా గడప మీద కూర్చునేది. "బిడ్డా, మా రేణు నిన్ను పిలిచిందా?" అనేది. నేను నోరు తెరిచేదాన్ని, మాట వచ్చేది కాదు. ఆమె కాసేపు చూసి, లేచి వెళ్లిపోయేది. మళ్లీ వచ్చేది. చివరికి మా అమ్మ భరించలేక ఇంటి యజమానికి తప్ప ఎవరికీ చెప్పకుండా గది ఖాళీ చేసి నన్ను శంషాబాద్ తీసుకొచ్చింది. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక హోటల్లో పాత్రలు తోమే పని దొరికింది ఆమెకు. నేను ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి మనుషులను తీసుకుంటున్నారని ఎవరో చెబితే, అర్జీకి ఫొటో కావాలని అమ్మ నన్ను ఎస్తేరక్క దగ్గరకు తీసుకుపోయింది. ఆమె నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కొంచెం పైకెత్తి, వెనక్కి వెళ్లి ఫొటో తీసింది. చూసుకుంది. మళ్లీ తీసింది. అలా ఎన్నిసార్లు తీసిందో. ప్రతి ఫొటోలోనూ నేను కెమెరాను కాకుండా షట్టరు వైపు చూస్తున్నాను. నేను కెమెరానే చూస్తున్నానని నా నమ్మకం.

"జర సక్కగ చూడవే, మేడం కష్టపడుతున్నది" అని అమ్మ విసుక్కుంది.

"ఉండనీ అమ్మా" అంది ఎస్తేరక్క. నా వైపు తిరిగి, "తలుపు దిక్కు చూడాల్నా? చూడు. మంచిగ చూడు. అయినంక తీస్త" అంది. తను కూడా ఒక స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని తలుపు వైపు చూసింది. సందులో ఒక ఆటో పోయింది, కూరగాయల బండి పోయింది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఆ ఫొటో ఎలా వచ్చిందో కూడా నాకు గుర్తు లేదు. వెళ్లేటప్పుడు మాత్రం ఆమె, "ఐతారం చర్చి అయినంక ఈడ కొందరం కూసుంటం. ఫొటోలు చూసుకుంటం. రావాలనిపిస్తే రా, లేకుంటే లేదు" అంది. అమ్మ దాన్ని ప్రార్థన అనుకుంది. మేము ఎల్లమ్మకు మొక్కేవాళ్లం కదా అని సందేహపడింది. అయినా నన్ను ఇంట్లోంచి కదిలించడానికి ఏదైనా మంచిదే అనుకుని పంపింది.

ప్రార్థన కాదు. నలుగురైదుగురు కింద చాప మీద కూర్చుని ఉన్నారు. ఎస్తేరక్క ఒక డబ్బాలోంచి పాత చిన్న కెమెరాలు తీసి తలా ఒకటి ఇచ్చింది. ఫోన్లున్నాయి కదా అని ఒకాయన అంటే, "ఫోన్ల ఫొటో తీస్తుంటే అది మోగుతది. దీనికి ఎవ్వరు ఫోన్ చెయ్యరు" అంది. నియమాలు కొన్ని చెప్పింది. అడగకుండా ఎవరి మొహమూ తీయకూడదు. మంచి ఫొటో, చెడ్డ ఫొటో అనే మాట ఇక్కడ అనకూడదు. వారమంతా ఏది ఆపితే అది తీసుకురావాలి. "ఆపుడంటే ఏందక్కా?" అని అడిగాను. ఆ స్టూడియోలో నేను మాట్లాడిన మొదటి మాట అదే. "నడుస్తుంటే కాళ్లు ఆగుతయి చూడు, ఎందుకాగినయో మనకు తెల్వదు. గప్పుడు తియ్యి" అంది.

ఆ చాప మీద నర్సింహ అని ఒక పెద్దాయన ఉండేవాడు, అందరం బాపు అనేవాళ్లం. ఆ రోజు ఆయన తీసిన ఫొటో ఒకరి నుంచి ఒకరికి తిరిగింది. ఒక సర్వే రాయి, దాని మీద ఎర్ర రంగు గీత. ముందు మేము చెప్పాలి, తీసిన మనిషి చివర్న చెప్పాలి. అదీ పద్ధతి. "ఏం కనబడుతున్నది?" అని ఎస్తేరక్క అడిగితే రాయి అన్నారు, గడ్డి అన్నారు, మబ్బు అన్నారు. "ఏం కనబడ్తలేదు?" అని అడిగింది.  అప్పుడు నర్సింహ బాపు, "మక్కజొన్న" అన్నాడు. అది ఆయన పొలం. ప్లాట్లు చేశారు. అమ్మింది తనే, బలవంతం కూడా ఏమీ లేదు. కానీ పొద్దున్నే లేచి ఆయన కాళ్లు అటే పోతున్నాయి, అక్కడి వాచ్‌మన్ రోజూ ఎవరు కావాలని అడుగుతున్నాడు. "వానికేం చెప్పాల్నో సమజైతలేదు బిడ్డా" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది. తర్వాత ఎందుకో తేలికగా కూడా అనిపించింది. అంత పెద్దమనిషికి కూడా అడిగినదానికి జవాబు తెలియదు.

నేను కెమెరా పట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. మా సందు, నీళ్ల ట్యాంకరు, హోటల్ వెనక అమ్మ తోమి బోర్లించిన డేగిసాలు, తీగ మీద ఆరుతున్న చీరలు. కానీ నేను తెచ్చిన ఫొటోలన్నీ చెదిరిపోయి వచ్చేవి. దేనికీ అంచులు ఉండేవి కావు. నాకు సిగ్గుగా ఉండేది. కెమెరా సరిగా పట్టుకోవడం నేర్పుతుందేమోనని చూశాను, ఆమె నేర్పలేదు. వాటిని ప్రింటు తీసి, వెచ్చగా ఉన్నప్పుడే అంచులు పట్టుకుని నా చేతిలో పెట్టేది.

"ఊగినయి" అంది ఒక ఆదివారం. "నీ చెయ్యి ఊగిందా, ఆ చీర ఊగిందా?"

"తెల్వదక్కా."

అలా అన్నందుకు ఏమంటుందోనని తల దించుకున్నాను. కాటేదాన్‌లో ఆ మాట అన్నప్పుడల్లా ఎదుటివాళ్ల మొహాలు మారిపోయేవి. ఆమె మొహం మారలేదు. "తెల్వదంటే తెల్వదే. గది కూడ జవాబే" అని తర్వాతి ఫొటోకు వెళ్లిపోయింది.

అప్పుడప్పుడూ నగరంలోని ఒక కాలేజీ నుంచి నీరజ గారని ఒక డాక్టరమ్మ వచ్చేవారు. మనసుకు దెబ్బ తగిలినవాళ్లు ఎలా కోలుకుంటారో చదువుతున్నారు. మమ్మల్ని అడిగి, మేము ఒప్పుకున్నాకే మా మాటలు రాసుకునేవారు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవారు. "సుజాత గారూ, మొదట వచ్చినప్పటి కంటే ఇప్పుడు ఎలా అనిపిస్తోందండీ?" అని అడిగేవారు. నన్ను గారూ అని ఎవరూ పిలిచి ఉండలేదు. ఆ ప్రశ్నకు నేను ఒకరోజు బాగుందన్నాను, మరొకరోజు ఏమీ మారలేదన్నాను. రెండూ నిజమే అనిపించేది. నా చీర ఫొటోను ఆమె చాలాసేపు చూశారు. "ఇందులో ఏదో లోపలికి లాగుతున్నట్టుంది. బయటికి రాబోతున్న మనిషిలా కూడా ఉంది" అన్నారు. నాకు అది మా ఇంటి ఓనరమ్మ చీర. కానీ ఆమె అన్నాక మళ్లీ చూస్తే నిజంగానే మనిషిలా కనబడింది. ఇంటికి తీసుకుపోయి చూస్తే మళ్లీ చీరే. ఆమె చెప్పింది నిజమేమో కూడా. నాకు తెలియకుండా నా కాళ్లు అక్కడ ఎందుకు ఆగాయో ఆమెకు తెలిసిందేమో.

కాలేజీలో అందరి ఫొటోలూ గోడలకు పెడతామని, నాది కూడా పెట్టవచ్చా అని నీరజ గారు అడిగారు. నేను సరేనన్నాను. కాసేపటికి వద్దన్నాను. ఎస్తేరక్క, "సరే అనుడు, ఒద్దనుడు రెండూ రాకుంటే ఇంకో ఐతారం దాక ఆగుదాం. ఫొటో ఏడికి పోదు" అంది. చివరికి ఒప్పుకుని చూడటానికి కూడా వెళ్లాను. తెల్లటి గోడ మీద నా చీర ఫొటో ఉంది. ఎవరో ఒకావిడ దాని ముందు నిలబడి కళ్లు తుడుచుకుంది. ఆమె ఎందుకు ఏడ్చింది? ఆమెకేం కనబడింది? అడుగుదామనుకున్నాను, అడగలేదు. నా ఫొటో నా కంటే ముందు ఎక్కడికో వెళ్లిపోయినట్టు, నేను వెనకాల పరిగెత్తుతున్నట్టు అనిపించింది. బస్సులో వస్తూ ఎస్తేరక్కతో ఆ మాటే అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "నేను ఎంతమంది పెండ్లిళ్లు తీసిన. ఒక్కరి లోపట ఏమున్నదో నాకెన్నడు తెల్వలే" అంది.

ఆ ప్రయాణంలోనే తన సంగతి చెప్పింది. నేను అడిగినందుకు కాదు, ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయినందుకు. ఒకసారి మహేశ్వరం వైపు ఒక పెళ్లిలో తలంబ్రాలు పోసుకుంటుంటే ఆమె కెమెరా ఎత్తింది, వేలు కదలలేదు. నొక్కాలని ఉంది, నొక్కలేకపోయింది. అందరూ అరుస్తున్నారు. ఆమె కెమెరా కింద పెట్టి ఇంటికి వచ్చి పడుకుంది. నెలల తరబడి లేవలేదు. చెల్లెలు నగరంలో మనసు జబ్బుల దవాఖానలో చేర్పించింది. అక్కడికి వచ్చే ఒక మేడం రోగుల చేతికి కెమెరాలిచ్చి, మీకు ఏది కనబడితే అది తీయమందట. "ఇరవై ఏండ్లు తీసిన మనిషిని నేను. నాకు కెమెరా ఇచ్చి మెల్లగ నొక్కుమ్మా అని చూపెట్టింది. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోటే నొక్కిన" అంది. ఏం తీశావని అడిగాను. "నా మంచం కింద చెప్పులు. ఒకటి అటు, ఒకటి ఇటు పడున్నయి."

"ఏమైందక్కా నీకు? ఎందుకట్ల పండుకున్నవు?"

"ఏం కాలే సుజాతా. గదే పరేషాన్. ఇంట్ల ఎవ్వరు సావలే, ఎవ్వరు మోసం చెయ్యలే. డాక్టర్లు తిప్పి తిప్పి అడిగిండ్రు. ఏమన్న అయ్యుంటే చెప్పుకునేదాన్ని గద." నా వైపు తిరిగి అంది: "నీకు అయ్యింది, యాదికి లేదు. నాకు అంత యాదికున్నది, ఏం కాలే. ఇద్దరం ఒక్క తీరే."

బస్సు కదిలింది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె భుజానికి తల ఆనించాను.

ఎయిర్‌పోర్టులో పని దొరికింది. ఆదివారాలు సెలవు పెట్టించుకుని స్టూడియోకు వెళ్తూనే ఉన్నాను. అలాంటి ఒక ఆదివారం షట్టరు దగ్గర నీడ పడితే తలెత్తి చూశాను. మల్లమ్మ. మా పాత ఇంటి యజమాని చెబితే శంషాబాద్ వచ్చి, మా గది వెతుక్కుని, మా అమ్మను అడిగి ఇక్కడికి వచ్చింది. మనిషి సగమైంది. చాప మీద ఉన్న వాళ్లెవరినీ చూడకుండా నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఎస్తేరక్క ఆమె పక్కన మంచినీళ్లు పెట్టింది. ఆమె ముట్టుకోలేదు.

"నిన్ను తిట్టనీకి రాలే బిడ్డా. నువ్వు బతికినందుకు నాకు కోపం లేదు, దేవుని మీద ఒట్టు" అంది. "ఒక్కటే చెప్పు. నా బిడ్డ ఒక్కతే ఉండెనా, నువ్వు పక్కన ఉన్నవా? అబద్ధమైనా సరే, ఏదో ఒకటి చెప్పు. నేను పట్టుకపోతా."

 చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. మేమిద్దరం చేతులు పట్టుకున్నాం పెద్దమ్మా, అంటే చాలు. వాచ్‌మన్ ఎలాగూ చెప్పాడు. ఎన్నోసార్లు నా కళ్లకు కనబడింది కూడా. అది అబద్ధమని కూడా నేను చెప్పలేను. ఆ మాట నాలుక మీద ఉంది. ఎస్తేరక్క వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది, కానీ ఆ చూపులో అవును లేదు, కాదు లేదు. ఆమె మీద మొదటిసారి కోపం వచ్చింది. ఇన్ని ఆదివారాలు కూర్చోబెట్టి ఇప్పుడు ఒక్క సైగ చేయదా?

"తెల్వదు పెద్దమ్మా" అన్నాను.  "దారం అయిపోయిందని వంగిన. మల్ల రోడ్డు మీదున్న. నడుమల ఏం లేదు. దాస్తలేను. నాకే దొరుకుతలేదు."

మల్లమ్మ కళ్లు మూసుకుంది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె లేవలేదు. నాకు తెలిసిందైనా చెబుదామని మొదలుపెట్టాను. ఆ రోజు పొద్దున రేణుక బస్సు దిగి నవ్వుకుంటూ వచ్చిందని. కండక్టరుతో చిల్లర దగ్గర గొడవైందని, వాడిలా మాట్లాడి చూపించిందని. అన్నం తినేటప్పుడు తన డబ్బాలోని చింతకాయ తొక్కు సగం నా డబ్బాలో వేసిందని. "మా అమ్మ ఇయ్యాల ఉప్పు గుమ్మరిచ్చింది, నువ్వన్న తిను అన్నది" అని చెప్పాను.

మల్లమ్మ కళ్లు తెరిచింది. "ఎక్కువే పడ్డది" అంది. "చెయ్యి జారింది ఆనాడు. పొద్దుమీకి వచ్చి తిడతదనుకున్న."

అప్పుడు ఏడ్చింది. నేను కూడా. నర్సింహ బాపు లేచి బయట షట్టరు దగ్గర నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు ఎస్తేరక్క ఒక కెమెరా ఆమెకు ఇవ్వబోయింది. మల్లమ్మ దాన్ని పక్కకు నెట్టి, "నా బిడ్డే పోయినంక నాకు ఫొటోలెందుకమ్మా" అని వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక నేను చాప చుడుతూ అడిగాను. "నిజమే చెప్పాల్నని నువ్వు అనుకున్నవా అక్కా? అందుకే ఏం అనలేదా?"

"లేదు" అంది ఎస్తేరక్క. "ఏం చెప్తే మంచిదో నాకు తెల్వలే. నువ్వు చెయ్యి పట్టుకున్న అని చెప్పినా నేను ఏం అనకపోదును. ఆమెకు అదే మంచిగుండునేమో." మల్లమ్మ ముట్టని నీళ్ల గ్లాసు తీసి పక్కన పెట్టింది. "నేను గూడ భయపడ్డ సుజాతా."

ఆ మాట నన్ను ఎంత కలవరపెట్టిందో చెప్పలేను. ఆమెకు దారి తెలుసని, నన్ను నడిపిస్తోందని అనుకుంటున్నాను అప్పటిదాకా. తెలియకుండానే నా పక్కన నడిచింది. కొన్నాళ్లు ఆ సంగతి నన్ను కూలదోసింది. తర్వాత ఎప్పుడో అదే నన్ను నిలబెట్టింది. ఆ రెండింటి మధ్య మలుపు ఎక్కడ తిరిగానో మాత్రం పట్టుకోలేకపోయాను.

తర్వాతి వారం మల్లమ్మ మళ్లీ వచ్చింది. కెమెరా కోసం చెయ్యి చాపింది. ఎస్తేరక్క కెమెరా ఇచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించింది. ఆమె తెచ్చిన మొదటి ఫొటో చాప మీద తిరిగింది. దూరంగా రోడ్డు, రోడ్డు పక్క ఒక రేకుల బస్టాపు, ఈ పక్కన కొంత ముళ్లకంప. బస్టాపు మరీ చిన్నగా ఉందని, దగ్గరకు పోయి తీయాల్సిందని ఎవరో అన్నారు. "దగ్గరికి ఎందుకు పోవాలె?" అంది మల్లమ్మ. "నేను రోజూ ఈడనే నిలబడి చూసేదాన్ని. బస్సు ఎక్కినంక లోపలికి పోయేదాన్ని. ఆనాడు కూడ ఈడికెల్లే చూసిన. ఎక్కింది, చెయ్యి ఊపింది. గదైతే నాకు తెలుసు." నా వైపు తిరిగి, "పొద్దుగాలది నేను చూసిన, మధ్యాహ్నం దాకది నువ్వు చూసినవు. అటెనక ఎవ్వరు చూడలే" అంది. ఆ గొంతులో ఏముందో నేను ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. ఓదార్పా, ఓటమా? 

మల్లమ్మ ఆ తర్వాత మానకుండా వచ్చింది. నా ఫొటోలకు కూడా మెల్లగా అంచులు వచ్చాయి. అది నయం కావడమా, లేక కెమెరా అలవాటు కావడమా అని నీరజ గారిని అడిగితే, "నిజం చెప్పాలంటే నాకూ తెలియదండీ" అని నవ్వారు. నాకు పెళ్లయింది, బడంగ్‌పేట్‌కు వచ్చాం. రోడ్డు వెడల్పు చేస్తూ ఆ సందులో కొంత కొట్టేశారు, స్టూడియో పోయింది. ఎస్తేరక్క గోడకున్న ఆ పాత తెరను ఒక బడికి ఇచ్చేసింది. ఒక చలికాలం ఆమె మళ్లీ పడుకుంది. నేను, మల్లమ్మ మార్చి మార్చి వెళ్లేవాళ్లం. ఏమైందని మేము అడగలేదు. జావ తాగించి, కిటికీ తెరిచి, పక్కన కూర్చునేవాళ్లం. ఒక రోజు తనంతట లేచి జుట్టు దువ్వుకుంది. "ఎట్ల లేచినవక్కా?" అంటే, "దువ్వెన కనబడ్డది" అంది. ఆ పైన చెల్లెలు వచ్చి సంగారెడ్డి తీసుకుపోయింది. అక్కడే, కిందటేడు వానాకాలంలో, గుండె ఆగి పోయింది.

మేమిద్దరం వెళ్లాం. సమాధి కార్యక్రమం అయ్యాక చెల్లెలు మా దగ్గరికి వచ్చి, "మీకు ఏమైతది మా అక్క?" అని అడిగింది. నేను మల్లమ్మ వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. టీచరు అనాలా, డాక్టరు అనాలా? చివరికి మల్లమ్మే, "మాతోటి కూసునేది" అంది. చెల్లెలు ఇంకేదో చెబుతామని కాసేపు చూసింది. మా దగ్గర ఇంకేమీ లేదు.

ఇప్పుడు మల్లమ్మ నెలకో రెండు నెలలకో మా ఇంటికి వస్తుంది. నర్సరీలో పని, వచ్చేటప్పుడు ఏదో ఒక మొక్క తెస్తుంది. నా బిడ్డకు తల దువ్వుతుంది. నా మనసు సరిగ్గా ఉందా అని నన్నెవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. పొగ వాసనకు ఇప్పటికీ పక్కకు జరుగుతాను. ఎయిర్‌పోర్టులో ఏ హాల్లోకి వెళ్లినా ముందు తలుపులు చూసుకుంటాను. కానీ ఆ ఖాళీని ఎవరి మాటతోనూ నింపడం మానేశాను. అది ఉంది, నేను ఉన్నాను. ఎస్తేరక్క నాకు ఇచ్చింది బహుశా ఇంతే. ఇంతకంటే ఎక్కువ ఉందేమో కూడా.

పోయినసారి మల్లమ్మ వచ్చినప్పుడు ఇద్దరం వంటింట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాం. తల ఎత్తకుండానే, కూరలో ఉప్పు వేశావా అన్నట్టు అడిగింది.

"ఏమన్న యాదికొచ్చిందా బిడ్డా?"

"ఇంక రాలే పెద్దమ్మా."

"పోనీ తీ" అంది. చిక్కుళ్ల గిన్నె నా వైపు జరిపింది.